పాత కారులో కొత్త ఇంజను: పెట్రోలు గొట్టాల సంగతి



అమెరికా దేశమందు పాత కార్లను ప్రాణప్రదముగా చూచుకొనేవారు, వాటి పై రూపమును ఏ మాత్రమూ చెడనీయక, లోపలి ఇంజనును మాత్రము దించివేసి, ఆ స్థానమున ఈ కాలపు ఇంజనును అమర్చుకొనుట ఇప్పుడు బహుళ ప్రచారములో ఉన్నది. 1967 మొదలు 1969 వరకు వెలువడిన తొలి తరము షెవ్రొలే కమారో అట్టి కార్లలో ప్రముఖమైనది. ఆ కారుకు పుట్టుకతో వచ్చిన ఇంజను కార్బురేటరుతో నడుస్తుంది. దాని బదులు చాలామంది జనరల్ మోటార్స్ వారి ఎల్.ఎస్. కుటుంబపు ఇంజనును పెడుతున్నారు. ఆ కుటుంబములో మొదటిది 1997లో కార్వెట్ కారుతో వచ్చింది. 1999 నుండి ఆ సంస్థ ట్రక్కులలో వచ్చిన 5.3 లీటర్ల ఇంజను కూడ ఆ కుటుంబములోనిదే. పాత బండ్లను విప్పి అమ్మే యార్డులలో అది విరివిగా దొరుకుతుంది. వీటికి కార్బురేటరు లేదు. పెట్రోలును ఇంజెక్టర్లు చిమ్ముతాయి, ఎప్పుడు ఎంత చిమ్మవలెనో కంప్యూటరు నిర్ణయిస్తుంది.

ఈ మార్పును గూర్చి మాట్లాడేవారు అశ్వశక్తిని గూర్చి చెబుతారు, గేరు పెట్టెను గూర్చి చెబుతారు, వైరింగును గూర్చి గంటల తరబడి చెబుతారు. ట్యాంకు నుండి ఇంజను దాకా పెట్రోలును మోసుకొనివచ్చే గొట్టమును గూర్చి చెప్పేవారు అరుదు. కారు అడుగున, ఎవరి కంటికీ కనబడని చోట, దుమ్ములోను వేడిలోను పడి ఉండే ఆ గొట్టము సరిగా లేకపోయినట్లయితే, ఎంత విలువైన ఇంజను బిగించినా ఆ బండి నమ్మదగినది కాదు. అందులో కూర్చున్నవారికి క్షేమమూ లేదు. కావున ఈనాడు ఆ ఒక్క విషయమే మనవి చేస్తాను. ఇట్టి పనికి పూనుకొన్న తెలుగువారు ఆ దేశములో ఎవరైనా వింటూ ఉంటే వారికిది నేరుగా పనికివస్తుంది. తక్కినవారికి, యంత్రమందలి ఒక్క మార్పు ఎన్ని మార్పులను వెంటబెట్టుకొని వస్తుందో బోధపడుతుంది.

విషయమంతా ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. పాత ఇంజను పెట్రోలును పీల్చుకొంటుంది. కొత్త ఇంజనుకు పెట్రోలును తోయవలెను. మరల చెబుతున్నాను. పాత గొట్టము పీల్చే గొట్టము. కొత్త గొట్టము తోసే గొట్టము.

పాత కమారోలో ట్యాంకు కారు వెనుక కొసన ఉంటుంది. పంపు మాత్రము ముందుభాగమున, ఇంజనుకే బిగించి ఉంటుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు కామ్‌షాఫ్టు పంపు యొక్క మీటను నొక్కుతుంది. మీట లోపలి పొరను కదిలిస్తుంది. ఆ కదలికతో కారు పొడవునా ఉన్న గొట్టములోని పెట్రోలు ముందుకు పీల్చబడుతుంది. పంపు దాటిన తరువాత కార్బురేటరు వద్ద ఉండే ఒత్తిడి బహు స్వల్పము. చదరపు అంగుళమునకు ఐదారు పౌండ్లు. కారు అడుగున ఉన్న గొట్టములో ఆ మాత్రపు ఒత్తిడి కూడ లేదు. అక్కడ పీలుపే ఉన్నది.

మన పల్లెలలో సేద్యము ఎరిగినవారికి ఈ భేదము కొత్తది కాదు. బావి గట్టున మోటారు పెట్టి నీరు తోడిన రోజులను జ్ఞాపకము చేసుకోండి. గట్టు మీది మోటారు నీటిని పీల్చవలెను. బావిలోనికి దిగిన పైపుకు ఎక్కడైనా సన్నని చిల్లు ఉన్నదనుకోండి. ఆ చిల్లు వద్ద నీరు కారదు. బయటి గాలి లోపలికి పోతుంది. మోటారు ఊరకే తిరుగుతుంది, నీరు ఎక్కదు. రైతు ఫుట్‌వాల్వు చూస్తాడు, జాయింట్లు బిగిస్తాడు, పైనుండి బిందెతో నీరు పోసి పైపు నింపి మరల మోటారు వేస్తాడు. ఒక పూట పని ఆగుతుంది. అంతకు మించి నష్టము లేదు. పీల్చుటకు ఒక హద్దు కూడ ఉన్నది. వాయుమండలపు ఒత్తిడి నిలబెట్టగలిగిన నీటి ఎత్తు లెక్క ప్రకారము సుమారు 34 అడుగులు. వాడుకలో 25 అడుగులు దాటితే గట్టు మోటారు చేతులెత్తేస్తుంది. నీళ్ళు లోతుకు దిగిపోయిన ఊళ్ళలో బోరు వేసి, సబ్‌మెర్సిబుల్ మోటారును నీటి అడుగుననే దింపవలసి వచ్చింది. అది పీల్చదు, కిందినుండి పైకి తోస్తుంది. దాని పైపుకు చిల్లు పడితే గాలి లోపలికి పోదు. నీరే బయటికి చిమ్ముతుంది.

కారులో జరిగే మార్పు సరిగ్గా ఇదే. గట్టు మీది పంపు పోయి, ట్యాంకులో మునిగి ఉండే విద్యుత్ పంపు వస్తుంది. ఎల్.ఎస్. ఇంజనుకు ఆ పాత పంపును బిగించుటకు అసలు చోటే లేదు. కొత్త ఇంజను కోరే ఒత్తిడి చదరపు అంగుళమునకు 58 పౌండ్లు. పాతదానికి ఇది సుమారు పదింతలు. అదే ఒత్తిడిని బావి నీటితో కొలిస్తే, 134 అడుగుల ఎత్తున నిలిచిన నీటి బరువుతో సమానమని లెక్క తేలుతుంది. ఇన్నాళ్ళు పీలుపుకు మాత్రమే అలవాటుపడిన గొట్టము, దాని రబ్బరు ముక్కలు, దాని క్లిప్పులు, హఠాత్తుగా అంత బరువును రాత్రింబవళ్ళు భరించవలెను.

అంత ఒత్తిడి ఎందుకని మీకు సందేహము కలుగవచ్చును. కార్బురేటరులో గాలి వేగముగా పోతూ పెట్రోలును తనతో లాగుకొనిపోతుంది. ఇంజెక్టరు అట్లు కాదు. అది సెకనులో వెయ్యవ వంతులు కొన్ని మాత్రమే తెరుచుకొని, అంతలోనే పెట్రోలును సన్నని తుంపరగా చిమ్మి మూసుకొంటుంది. ఎంత పెట్రోలు పడినదో కంప్యూటరు కొలిచి చూడదు. ఇంజెక్టరు తెరిచి ఉన్న కాలమును బట్టి లెక్క కడుతుంది. ఒత్తిడి స్థిరముగా ఉన్నదని నమ్మి కట్టే లెక్క అది. ఒత్తిడి తగ్గితే అంత కాలములోనే తక్కువ పెట్రోలు పడుతుంది. ఇంజను బలహీనపడుతుంది, వేడెక్కుతుంది. ఒత్తిడి పెరిగితే ఎక్కువ పడుతుంది, నల్లని పొగ వస్తుంది. కాబట్టి గొట్టముల పని పెట్రోలును చేర్చుటతో ముగియదు. స్థిరమైన ఒత్తిడితో చేర్చవలెను.

ఇక ప్రమాదము మాట. పీల్చే గొట్టము కారితే ఇంజను దగ్గుతుంది, ఆగిపోతుంది. తోసే గొట్టము కారితే పెట్రోలు తుంపరగా బయటికి వస్తుంది. అది వేడి పొగగొట్టము మీద పడవచ్చును, విద్యుత్ రవ్వ తగలవచ్చును. పెట్రోలు సున్నకు 40 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉన్నా అంటుకొనుటకు చాలినంత ఆవిరిని విడుస్తుంది. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్ళు ఉన్నదంటే రవ్వ తగులుటే ఆలస్యము. అది గాలికన్న బరువైనది కూడ. పైకి పోదు, నేల మీద పరచుకొని షెడ్డు మూలలకు పాకుతుంది. నేనీ సంగతిని భయపెట్టుటకు చెప్పుట లేదు. గొట్టము కొనేటప్పుడు నాలుగు డాలర్లు మిగుల్చుకొందామనే ఆలోచన ఎవరికైనా వస్తే, ఆ క్షణమున ఇది గుర్తుకు రావలెనని చెబుతున్నాను.

పంపును ఎక్కడ పెట్టవలెను? కొందరు పాత ట్యాంకును కదిలించక, కారు అడుగున చట్రమునకు ఒక విద్యుత్ పంపును తగిలిస్తారు. నాకది సమ్మతము కాదు. ఇట్టి పంపులు తోయుటలో గట్టివి, పీల్చుటలో మెత్తనివి. ట్యాంకుకు దూరముగా, ఎత్తుగా పెట్టితే అది మరల గట్టు మీది మోటారే అవుతుంది. పీలుపు వలన ఒత్తిడి తగ్గుతుంది; ఒత్తిడి తగ్గిన పెట్రోలు తక్కువ వేడికే మరిగి ఆవిరి అవుతుంది; ఆవిరిని పంపు తోయలేదు. వేసవి మధ్యాహ్నమున బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. బయటనే పెట్టక తప్పకపోతే, ట్యాంకు అడుగుకన్న దిగువన, ట్యాంకును ఆనుకొని, పెట్రోలు తానై పంపులోనికి దిగేటట్లు పెట్టవలెను. ట్యాంకులోనే మునిగి ఉండే పంపుకు ఈ బాధ లేదు. చుట్టూ ఉన్న పెట్రోలే దానిని చల్లబరుస్తుంది, అదే దానికి కందెన కూడ. శబ్దమూ తక్కువ. తొలి తరము కమారోకు సరిపడేటట్లు లోపల పంపు అమర్చిన కొత్త ట్యాంకులు ఇప్పుడు తయారుగా దొరుకుతున్నవి. వాటిలో పంపు చుట్టూ అడ్డుగోడలు గల చిన్న తొట్టి ఉంటుంది. బండి మలుపు తిరిగినప్పుడు పెట్రోలు ఒక పక్కకు ఒరిగినా, తొట్టిలోనిది పంపును అంటిపెట్టుకొనే ఉంటుంది. కార్బురేటరుకు స్వంతముగా ఒక చిన్న గిన్నె ఉండేది గనుక, క్షణకాలము పెట్రోలు అందకపోయినా ఇంజనుకు తెలిసేది కాదు. ఇంజెక్టర్లకు అట్టి గిన్నె లేదు. ఒక్క గుక్క గాలి వచ్చినా ఇంజను తడబడుతుంది.

ఇప్పుడు తిరుగు గొట్టమును గూర్చి చెప్పవలెను. చాలామంది తొట్రుపడేది ఇక్కడనే. కాబట్టి కొంచెము నిదానముగా చెబుతాను.

పూర్తి వేగమున 350 అశ్వశక్తులు ఇచ్చే ఇంజను గంటకు సుమారు 110 లీటర్ల పెట్రోలు తాగుతుంది. కాని అట్లు తోలేది ఎంతసేపు? రహదారి మీద నింపాదిగా పోతున్నప్పుడు అదే ఇంజనుకు గంటకు పది పన్నెండు లీటర్లు చాలు. ఈ పనికి సాధారణముగా కొనే పంపు గంటకు 255 లీటర్లు ఇచ్చే రకము. అది ఇంజను అవసరమును చూచుకొని తోయదు. తిరిగినంతసేపు తోస్తూనే ఉంటుంది. మిగిలిన పెట్రోలు ఎక్కడికి పోవలెను? ట్యాంకుకే తిరిగి పోవలెను. ఆ దారియే తిరుగు గొట్టము. ఎంత మిగుల్చవలెనో, ఎంత వెనుకకు పంపవలెనో నిర్ణయించే ద్వారపాలకుని పేరు రెగ్యులేటరు. ఒత్తిడి 58 పౌండ్లు దాటబోయినప్పుడు అది తెరుచుకొని అదనపు పెట్రోలును తిరుగు గొట్టములోనికి విడుస్తుంది.

పాత పద్ధతిలో రెగ్యులేటరును ఇంజను మీదనే పెడతారు. అప్పుడు రెండు గొట్టములు కారు పొడవునా పోవలెను, ఒకటి వచ్చుటకు, ఒకటి పోవుటకు. పైగా ఇంజను వేడిని మోసుకొన్న పెట్రోలు పదే పదే ట్యాంకుకు చేరి, దూరప్రయాణములో ట్యాంకంతా వెచ్చబడుతుంది. దీనికి జనరల్ మోటార్స్ వారే ఒక చక్కని ఉపాయము చేశారు. 1999 నుండి 2003 వరకు వచ్చిన కార్వెట్ కార్లకు ఫిల్టరును, రెగ్యులేటరును ఒకే డబ్బాలో ఇమిడ్చి, ట్యాంకు సమీపమున పెట్టారు. ఆ డబ్బాకు ఒక పక్క రెండు ముఖములు, మరొక పక్క ఒకటి. పంపు నుండి పెట్రోలు ఒక ముఖమున వస్తుంది. మిగులు పెట్రోలు దాని పక్క ముఖమున వెంటనే ట్యాంకుకు పోతుంది. వడగట్టి, ఒత్తిడి సరిచేసిన పెట్రోలు మూడవ ముఖము గుండా ముందుకు సాగుతుంది. ఇంజను దాకా పోయేది ఒక్క గొట్టమే. తిరుగు గొట్టము మూరెడు పొడవుతో సరి. రెగ్యులేటరు 58 పౌండ్లకే స్థిరపరచి ఉన్నది గనుక మనము తిప్పి సరిచేయవలసినది ఏమీ లేదు. ఇంజను మార్చేవారు ఆ డబ్బాను కొనితెచ్చి వాడుకొనుట ఇప్పుడు ఆచారమైపోయింది. అది మంచి ఆచారము. టర్బోచార్జరు వంటివి తగిలించదలచినవారికి మాత్రము ఇది చాలదు. వారికి ఇంజను లోపలి గాలి ఒత్తిడిని అనుసరించి మారే రెగ్యులేటరు కావలెను.

మరొక జాగ్రత్త. మొదటి సంవత్సరముల ట్రక్కు ఇంజన్లలో కొన్నిటికి, ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టము మీదనే రెగ్యులేటరు ఉంటుంది. అట్టి ఇంజను మీ చేతికి వస్తే వెనుక మరొక రెగ్యులేటరు పెట్టకండి. రెండు రెగ్యులేటర్లు ఒకే గొట్టము మీద ఉంటే ఏది పని చేస్తున్నదో తెలియదు. దాని తిరుగు గొట్టమును ట్యాంకు దాకా తీసుకొనిపోవలెను; లేదా తిరుగు ముఖము లేని తరువాతి కాలపు అమరికను మార్చి పెట్టుకోవలెను.

తిరుగు గొట్టము సన్నగా ఉండరాదు. సన్నగా ఉంటే మిగులు పెట్రోలు వెనుకకు పోలేక, రెగ్యులేటరు ఎంత తెరుచుకొన్నా ఒత్తిడి పెరిగిపోతుంది. ఇంజనుకు పోయే గొట్టము అంగుళములో మూడు ఎనిమిదవ వంతుల కొలత గలదైతే, తిరిగివచ్చే గొట్టము ఐదు పదహారవ వంతులకు తగ్గరాదు. తిరిగివచ్చిన పెట్రోలును ట్యాంకు పైనుండి జారవిడుచుట కూడ మంచిది కాదు. నురుగు కడుతుంది, ఆవిరి పెరుగుతుంది. పంపు తొట్టిలో, పెట్రోలు మట్టముకన్న దిగువన విడుచుట ఉత్తమము.

ఇప్పుడు గొట్టము ఏ లోహముతో ఉండవలెననే ప్రశ్న. కారుతో వచ్చిన ఉక్కు గొట్టము అరువది ఏండ్ల నాటిది. పైన మెరుస్తున్నా లోపల తుప్పు పట్టి ఉండవచ్చును. ఆ తుప్పు పొడి ఇంజెక్టరు నోటిలో పడితే అది మూసుకొనిపోతుంది. నా సలహా కొత్త గొట్టమే వేయమని. స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిది, తుప్పు పట్టదు, కాని వంచుటకు ఓర్పు కావలెను. రాగి, నికెలు కలిపిన గొట్టము చేతితోనే వంగుతుంది, తుప్పుకు లొంగదు. ఇంటి వద్ద పని చేసుకొనేవారికి అనుకూలమైనది. శుద్ధమైన రాగి గొట్టమును మాత్రము వాడకండి. ఫ్రిజ్‌లకు, గ్యాసు పొయ్యిలకు వాడేదే గదా అని కొందరు దానిని తెచ్చి వేస్తారు. బండి అదురుకు రాగి క్రమముగా పెళుసెక్కి, వెంట్రుకవాసి పగుళ్ళు పడుతుంది. పెట్రోలులో జిగురు చేరుటకు కూడ రాగి కారణమవుతుంది.

గొట్టపు కొసను విప్పార్చి నట్టుతో బిగిస్తారు, దానిని ఫ్లేర్ అంటారు. ఇందులో రెండు కోణములున్నవి. మామూలు మోటారు పనిలో 45 డిగ్రీలు. విమానముల పని నుండి వచ్చిన ఏ.ఎన్. తరగతి సామానులో 37 డిగ్రీలు. కొన్ని కొలతలలో రెండును ఒకదానిలో ఒకటి దూరుతాయి, బిగుస్తాయి, బిగిసినట్లే కనబడతాయి. కాని వాటి ముఖములు ఒక గీత మీదనే ఆనుతాయి. పీల్చే గొట్టములో అది కొన్నాళ్ళు గడిచిపోవచ్చును. తోసే గొట్టములో గడవదు. ఏ కోణముతో మొదలుపెట్టారో ఆ కోణముతోనే చివరి దాకా పోవలెను. ఏ.ఎన్. సామానుకు అంకె ఒకటి ఉంటుంది. అంగుళములో పదహారవ వంతులు ఎన్నో ఆ అంకె చెబుతుంది. ఆరవ నంబరు అంటే పదహారింట ఆరు, అనగా ఎనిమిదింట మూడు వంతులు. ఎల్.ఎస్. ఇంజనుకు సాధారణముగా ఆ నంబరు చాలును.

లోహపు గొట్టము ఇంజను దాకా పోరాదు. ఇంజను తన రబ్బరు దిమ్మల మీద ఊగుతూ ఉంటుంది; గట్టి గొట్టము ఆ ఊపుకు విరుగుతుంది. కాబట్టి చట్రము నుండి ఇంజనుకు, ట్యాంకు నుండి చట్రమునకు వంగే హోసు ఉండవలెను. ఇచ్చటనే గొప్ప పొరబాటు జరిగే అవకాశమున్నది. హోసు మీద అచ్చువేసిన గుర్తును చదవండి. 30 ఆర్ 7 అని ఉంటే అది కార్బురేటరు ఒత్తిడికి చేసినది. 30 ఆర్ 9 అని ఉంటే ఇంజెక్షను ఒత్తిడికి చేసినది. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండవలసిన ముక్కకు 30 ఆర్ 10 అని ఉండవలెను. మరల చెబుతున్నాను. బయట ఆర్ 9, ట్యాంకు లోపల ఆర్ 10. మొదటి రెండు రకముల హోసులకు వెలుపలి పొర పెట్రోలును తట్టుకొనేటట్లు ఉండదు. ట్యాంకు లోపల మునిగితే ఉబ్బి మెత్తబడుతుంది. చూచుటకు అన్నీ నల్లని హోసులే. ధరలో భేదము ఉన్నది, ప్రాణములో అంతకు మించిన భేదమున్నది.

ఈనాటి పెట్రోలులో, అక్కడను ఇక్కడను, చెరకు నుండియో మొక్కజొన్న నుండియో తీసిన ఇథనాలు కలిసి ఉంటుంది. పాత రబ్బరుకు అది శత్రువు. స్టీలు తీగ అల్లిన హోసు కొన్నామని నిశ్చింతగా ఉండవద్దు. ఆ అల్లిక లోపల ఉన్నది మామూలు రబ్బరైతే, కొన్ని ఏండ్లకు కారు షెడ్డంతా పెట్రోలు వాసన కొడుతుంది. లోపల టెఫ్లాను పూత గల హోసుకు ఆ బాధ లేదు. అందులోను, కర్బనము కలిపి విద్యుత్తును పోనిచ్చేటట్లు చేసిన రకమునే తీసుకోవలెను. పెట్రోలు వేగముగా పోతున్నప్పుడు గొట్టపు గోడలకు స్థిరవిద్యుత్తు చేరుతుంది. పోవుటకు దారి లేకపోతే అది గోడను సూదిమొన అంత చిల్లు చేసి బయటపడుతుంది.

క్లిప్పులను గూర్చి ఒక్క మాట. గాట్లు గల పట్టీతో, స్క్రూతో బిగిసే మామూలు క్లిప్పు హోసును కొరుకుతుంది. ఇంజెక్షను హోసుకు అంచులు మడిచిన, గాట్లు లేని పట్టీ గల క్లిప్పు వేరుగా ఉన్నది, అదే వాడవలెను. ఇంజను వద్ద టక్కుమని పట్టుకొనే ప్లాస్టిక్ జోడింపులు ఉంటాయి. తోసిన తరువాత శబ్దము వినండి. విన్న తరువాత గట్టిగా వెనుకకు లాగి చూడండి. ఊడివస్తే అది పట్టలేదన్న మాట.

దారి ఎన్నుకొనేటప్పుడు పాత గొట్టము పోయిన దారినే పోవలెనన్న నియమము లేదు. కొత్త ఇంజనుకు పొగగొట్టములు వేరు చోట ఉంటాయి. వాటికి వీలయినంత దూరముగా పోవలెను; దూరము దొరకని చోట మధ్య రేకు అడ్డుపెట్టవలెను. తిరిగే షాఫ్టుకు, స్ప్రింగులకు అందరాదు. చట్రములో అత్యంత దిగువ భాగముగా గొట్టము వేలాడరాదు. అడుగుకొకటి, అడుగున్నరకొకటి రబ్బరు పెట్టిన పట్టీతో బిగించవలెను. రేకులోని రంధ్రము గుండా పోయే చోట రబ్బరు గ్రొమెట్ లేకుండ పోనీయకండి. రేకు అంచు అదురుతూ అదురుతూ ఏడాదిలో గొట్టమును కోసివేస్తుంది.

విద్యుత్తు సంగతి సంగ్రహముగా చెబుతాను. పంపుకు బ్యాటరీ నుండి వేరుగా మందమైన తీగ, ఫ్యూజు, రిలే కావలెను. పాత కారు తాళపు స్విచ్చు నుండి తీసిన సన్నని తీగతో నడిపితే పంపుకు ఓల్టేజి చాలదు, ఒత్తిడి పడిపోతుంది. రిలేను కంప్యూటరు చేతిలో పెట్టండి. తాళము తిప్పగానే అది పంపును సుమారు రెండు సెకనులు నడిపి, ఇంజను తిరుగుట లేదని గ్రహిస్తే ఆపుతుంది. ఏదైన ప్రమాదములో ఇంజను ఆగిపోతే పంపు కూడ ఆగవలెను గదా. స్విచ్చుకు నేరుగా కలిపిన పంపు ఆగదు. తెగిన గొట్టము నుండి పెట్రోలును తోస్తూనే ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు తనంతట తానే విద్యుత్తును ఆపే స్విచ్చు ఫోర్డు కార్లలో చిరకాలము ఉండేది. దానిని కూడ తెచ్చి పెట్టుకొన్నవారు వివేకవంతులు.

పాత ట్యాంకు ఊపిరి తీసుకొనేది దాని మూత గుండానే. పెట్రోలు ఆవిరిని బొగ్గు డబ్బాలో పట్టి ఇంజనుకు పంపే ఏర్పాటు 1970లో కాలిఫోర్నియాలోను, 1971లో అమెరికా అంతటను కార్లకు విధిగా వచ్చింది. 1969 నాటి కారుకు అది లేదు. తిరుగు పెట్రోలుతో ట్యాంకులో ఆవిరి ఇప్పుడు పెరుగుతుంది గనుక, ఆ బొగ్గు డబ్బాను, బండి తలకిందులైతే మూసుకొనే వాల్వును కూడ ఈ సందర్భమున పెట్టించుకొనుట మేలు.

మన దేశములో ఇట్టి మార్పు చేయదలచినవారు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షనును చూచుకొని, రిజిస్ట్రేషను అధికారి అనుమతి ముందుగా పొందిన పిమ్మటనే పని మొదలుపెట్టవలెను.

ఇక పరీక్ష. ఇంజనును నడపకముందే పరీక్షించండి. షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి. పెట్రోలు మంటకు పనికివచ్చే పొడి సిలిండరు చేతికందేటట్లు పెట్టుకోండి. ఇంజెక్టర్ల గొట్టము మీద వాల్వు ఉంటే దానికి ఒత్తిడి మీటరు తగిలించండి. ట్యాంకులో కొద్దిగా పెట్రోలు పోసి, తాళము తిప్పండి. పంపు రెండు సెకనులు పాడి ఆగుతుంది. కొత్త గొట్టములలో గాలి ఉంటుంది గనుక మూడు నాలుగు మారులు తిప్పవలసి రావచ్చును. ముల్లు 58 వద్ద నిలవవలెను. తరువాత ఒకరు తాళము వద్ద ఉండగా, మరొకరు దీపము పట్టుకొని, రవ్వ పుట్టించని టార్చితో మాత్రమే సుమా, వెనుక నుండి ముందుకు ప్రతి జాయింటును ఎండు కాగితముతో తుడిచి చూడవలెను. కాగితము తడిసినదా, అక్కడ బిగింపు తిరిగి చేయవలెను. బిగించే ముందు ఒత్తిడిని వదిలివేయుట మరువకండి. ఇంజను ఆపిన తరువాత కూడ గొట్టములో ఒత్తిడి నిలిచే ఉంటుంది. నట్టు వదులు చేసిన క్షణములో అది కంటిలోనికి చిమ్ముతుంది.

ముల్లు నిలిచి, కాగితములన్నీ పొడిగా ఉన్న పిమ్మట ఇంజను నడపండి. వేడెక్కిన తరువాత అవే జాయింట్లను మరల తుడిచి చూడండి. చలిలో పట్టిన బిగింపు వేడిలో వదులు కావచ్చును. నూరు మైళ్ళు తిరిగి వచ్చిన తరువాత కారును స్టాండ్ల మీదికి ఎత్తి ఇంకొకసారి చూడండి. అప్పుడే ఫిల్టరును కూడ మార్చండి. గొట్టములు కోసినప్పుడు, ట్యాంకు బిగించినప్పుడు లోపల పడిన నలుసులన్నీ మొదటి నూరు మైళ్ళలోనే దానిలో చేరి ఉంటాయి.